ఆవు వెనక సగం

అక్టోబర్ 8, సోమవారం

ఊరి కౌన్సిల్ నుంచి మళ్లీ కవరు. గోధుమరంగుది. గొరిల్లా తలలో పెట్టాను. అక్క దాన్ని ముట్టుకోదు, లోపల వాసనంటుంది, అందుకే ఈ ఏర్పాటు. తల ఇప్పుడు నిండిపోయింది. మొన్న ఒకాయన గొరిల్లా వేషం అద్దెకడిగితే మరమ్మతులో ఉందన్నాను. అబద్ధమేం కాదు. మనిషి తల పట్టని తలకి మరమ్మతు కావాలి కదా.

మా అద్దె వేషాల కొట్టు కాగితాలన్నీ నేను చూసుకుంటానని రెండేళ్ల కిందట, అక్క కంటి ఆపరేషనప్పుడు, నేనే చెప్పాను. చూసుకుంటూనే ఉన్నాను. సోమవారం తెరుస్తాను. ఈ సోమవారం కాదు, పై సోమవారం.

అక్టోబర్ 9, మంగళవారం

ఇవాళ టపా ఏమీ రాలేదు.

వచ్చింది.

అక్టోబర్ 15, సోమవారం

పై సోమవారం ఇదే. కానీ హాలోవీన్, దయ్యాల పండగ, పదహారు రోజుల్లోకి వచ్చేసింది. పద్నాలుగు మంత్రగత్తె టోపీలకి ఇస్త్రీ కావాలి, అస్థిపంజరాల్లో రెండింటికి ఎముకలు ఊడిపోయాయి. కవర్లు తెరిచే తీరిక ఎవరికుంది?

సాయంత్రం డోరీన్ వాల్మ్‌స్లీ వచ్చి డిసెంబర్ పద్నాలుగు, పదిహేను తేదీలకి మేబెల్‌ని ఖాయం చేసుకుని వెళ్లింది. చర్చి హాల్లో ఆవిడ వేయించే క్రిస్మస్ నాటకం ఏదైనా సరే, ఇరవై రెండేళ్లుగా అందులో మేబెల్ ఉండాల్సిందే. అక్క రెండు చలికాలాలు కూర్చుని కుట్టిన ఆవు అది. ముందు కాళ్లు నేను, వెనక కాళ్లు అక్క, నడుం దగ్గర పన్నెండు హుక్కులు. దారం లాగితే కనురెప్పలు కొట్టుకుంటాయి.

"ఈ ఏడే ఆఖరురా క్లిఫ్. మోకాళ్లు నా మాట వినడం మానేశాయి," అంది అక్క, టోపీ మీద సాలీడు కుడుతూ.

ఆఖరుసారి కాబట్టి ఘనంగా జరగాలి. అంతవరకూ ఈ కవర్ల గోల ఆవిడ చెవిన పడకూడదు. ఓగ్డెన్ల ఇంట ఎవరూ ఎవరికీ పెన్నీ బాకీ లేరని ఆవిడ చర్చి మెట్ల మీద నిలబడి చెబుతుంది. అదీ తరచుగా చెబుతుంది.

అక్టోబర్ 23, మంగళవారం

పొద్దుట పదింటికి కుండపోత. కొట్టు ముందు పందిరి కింద ఒక భారీ మనిషి నిలబడి ఉన్నాడు. ముక్కు చివరనుంచి నీళ్లు కారుతున్నాయి. అద్దంలోంచి సముద్రపు దొంగ వేషాన్ని చూస్తున్నాడో, లెక్కపెడుతున్నాడో తెలియలేదు. మా క్రాషా బ్రిడ్జ్‌లో పుట్టినవాడెవడైనా ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. తలుపు తీశాను.

"లోపలికి రండి నాయనా, తడిసి ముద్దయ్యారు. టీ పెడతాను."

ఆ మనిషి నన్ను వింతగా చూశాడు. "నిజంగా రమ్మంటున్నారా?"

"అదేం ప్రశ్నండీ!"

"పదకొండేళ్ల సర్వీసులో నన్ను లోపలికి రమ్మన్నవాళ్లు లేరు సార్," అన్నాడు. గుమ్మంలో బూట్లు చాలాసేపు తుడుచుకున్నాడు. పాపం, అమ్మకాల ఉద్యోగం కాబోలనుకున్నాను.

టీ ఇచ్చాను. బిస్కెట్లిచ్చాను, రెండు రకాలు. వెనక ఇంకో గది ఉందటగా అన్నాడు. ఎవరైనా అంత ఆసక్తి చూపిస్తే నేను ఆగలేను. కప్పు చేత్తో పట్టుకునే రమ్మని, గొడుగు పట్టి, పెరడు దాటించి తీసుకెళ్లాను. మేబెల్‌ని చూపించాను. రెప్పలు కొట్టించాను. ఇలాంటి ఆవు లంకషైర్ మొత్తంలో లేదనీ, ఆరొందల పౌండ్లకి తక్కువ చెయ్యదనీ చెప్పాను. అతను ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఇంత మర్యాదస్తుడు ఈ రోజుల్లో ఎక్కడుంటాడు అనుకున్నాను.

కొట్లోకి తిరిగొచ్చాక కప్పు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "నా పేరు గ్యారీ స్టటార్డ్ సార్. కౌన్సిల్‌కి మీరు కట్టాల్సిన కొట్టు పన్ను తాలూకు జప్తుకి వచ్చాను. ఇదంతా రికార్డవుతోంది, ఏమీ అనుకోకండి." ఛాతీ మీద చిన్న కెమెరా, ఎర్ర దీపం మిణుకుమంటోంది. అది కోటు గుండీ అనుకున్నాను నేను.

అప్పుడే మెట్ల మీద అక్క చెప్పుల చప్పుడు.

"ఎవర్రా క్లిఫ్?"

"కస్టమరు అక్కా. వేషం కావాలట."

స్టటార్డ్ నోరు తెరిచేలోపే ఆవిడ మెళ్లో టేపు తీసి అతని ఛాతీ చుట్టూ వేసేసింది. "చేతులెత్తు నాయనా. ఇంకా పైకి. నలభై ఎనిమిది. నడుం చూద్దాం, ఊపిరి బిగబట్టకు, నా దగ్గర దాచేదేముంది. ఏ వేషమనుకున్నావ్?"

"ఇంకా ఏమీ అనుకోలేదండీ," అన్నాడు చేతులు పైకెత్తి, జప్తు కాగితం ఒక చేతిలో ఊపుతూ.

"ఈ పొట్టకి రాజే కుదురుతాడు," అని తేల్చేసి, కొలతలు రాసుకుని పైకి వెళ్లిపోయింది.

నేను కాగితం మీద సంతకం పెట్టలేదు. అతనూ బలవంతపెట్టలేదు. వెళ్తూ వెళ్తూ గుసగుసగా అన్నాడు: "రెండు వారాల్లో కట్టకపోతే వ్యాన్‌తో వస్తాను సార్. టీ మాత్రం చాలా బాగుంది."

అక్టోబర్ 25, గురువారం

ఒక కవరు తెరిచాను. ఒక్కటే, ఇవాళ వచ్చినది. జప్తు కంపెనీ నుంచి.

కొట్టు పన్ను 1,180 పౌండ్లు. వెనక గదికి విడిగా 240. అది సరే. ఆ కింద ఉన్నది చూడండి. నోటీసు ఖర్చు 75, గది నోటీసుకి ఇంకో 75. కొట్టుకి వచ్చినందుకు 235. వెనక గదికి వచ్చినందుకు ఇంకో 235!

ఒక్క మనిషి వచ్చాడు. ఒక్క జత బూట్లతో వచ్చాడు. ఒక్క టీ తాగాడు. వెనక గదికి తనంతట తాను వచ్చాడా? గొడుగు పట్టి తీసుకెళ్లింది నేను! నాకు ఇవ్వాలి ఆ 235!

పన్ను సంగతి తర్వాత. ముందు ఈ రెండో 235 ఎలా వసూలు చేస్తారో చూస్తాను. కోపంతో మధ్యాహ్నం భోజనం సయించలేదు.

అక్టోబర్ 31, బుధవారం

ఊరంతా దయ్యాలు. వచ్చిన డబ్బు వచ్చినట్టే కొట్టు అద్దెకి పోయింది.

నవంబర్ 2, శుక్రవారం

గ్రంథాలయంలో సలహా కేంద్రం ఉంది. మిసెస్ పర్వీన్ అఖ్తర్ అనే ఆవిడ శుక్రవారాలు కూర్చుంటుంది. వాళ్ల పిల్లలు మా దగ్గర ఒంటె వేషం తీసుకెళ్లి మూపురం పోగొట్టారు. నేనా సంగతి ఎత్తలేదు.

"లోపలికి ఎలా వచ్చాడండీ? తలుపు తోసుకునా?" అంది కలం పట్టుకుని.

"నేనే రమ్మన్నానమ్మా."

"మీరే?"

"వానలో తడుస్తున్నాడు."

"టీ ఇచ్చారా?"

"ఇచ్చాను."

"బిస్కెట్లు?"

కాసేపు ఆగి నిజం చెప్పాను. "రెండు రకాలు."

ఆవిడ కలం కింద పెట్టేసింది. "ఓగ్డెన్ గారూ, లోపలికి రానివ్వకపోతే ఆయన అద్దంలోంచి చూసి వెళ్లిపోవలసిందే. పదకొండేళ్ల అనుభవం ఉన్న జప్తు మనిషిని చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, ఆవు ధర కూడా మీరే చెప్పారు."

కానీ రెండో 235 మాట చెప్పగానే కళ్లు మెరిశాయి. ఒకే మనిషి మీద రెండు బాకీలుంటే కలిపే చూడాలట, రాక ఖర్చు ఒక్కసారే వెయ్యాలట. ఫిర్యాదు రాయమంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఎవరైనా చేత్తో పట్టుకుని వాడుతున్న వస్తువుని లాక్కుని గొడవ తెచ్చుకోకూడదట వాళ్లు.

"అంటే తొడుక్కుని ఉంటే?"

"నేను పనిముట్ల గురించి చెబుతున్నానండీ."

"మాకు పనిముట్లంటే అవేనమ్మా," అన్నాను.

ఫిర్యాదు నాలుగు పేజీలు వచ్చింది. టీ గురించే ఒక పేజీ.

నవంబర్ 6, మంగళవారం

అక్క కాళ్ల డాక్టరు దగ్గరికి బయల్దేరిన పది నిమిషాలకి వీధి చివర వ్యాన్ తిరిగింది. నేను పెరట్లోంచి పరుగెత్తి వెనక గదిలోకి దూరి మేబెల్‌ని తొడుక్కున్నాను. ముందు సగం. ఒక్కణ్ణే కదా ఉన్నది.

ఒకసారి లోపలికి రానిస్తే రెండోసారి వాళ్లకి అనుమతి అక్కర్లేదట. స్టటార్డ్ నేరుగా వచ్చేశాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఓగ్డెన్ గారూ? మీరేనా సార్?"

"ఈ ఆవు వాడుకలో ఉంది," అన్నాను లోపల్నుంచి.

అతను ఫోన్ తీశాడు. వాళ్ల ఆఫీసుతో మాట్లాడిందంతా నాకు వినబడింది. "వాడుకలో ఉందండీ... ఆవండీ... అయ్యో, నిజం ఆవు కాదండీ, లోపల బాకీదారు ఉన్నాడు... ఏం చేస్తున్నాడంటే, నిలబడి ఉన్నాడండీ... లేదండీ, ముందు సగమే. వెనక సగం కొక్కేనికి వేలాడుతోంది... అదొక్కటీనా?... అలాగేనండీ."

ఫోన్ జేబులో పెట్టుకుని తల దించుకున్నాడు. "సారీ సార్. వెనక సగం ఎవరూ వాడడం లేదు కదా."

తోక నేలకి తగలకుండా ఎత్తి పట్టుకుని వ్యాన్ దాకా మోసుకెళ్లాడు. వీధిలో మిసెస్ ప్రాట్, ఆవిడ కుక్క నిలబడి చూశారు. నేను ఆవు తలతోనే గుమ్మంలో నిలబడి దారం లాగాను. ఎందుకు లాగానో నాకే తెలియదు, రెప్పలు రెండుసార్లు కొట్టుకున్నాయి.

నవంబర్ 8, గురువారం

"మేబెల్ వెనక సగం ఏదిరా?"

"డ్రైక్లీనింగ్‌కి ఇచ్చానక్కా."

"ముందు సగం ఇవ్వలేదే?"

"అది అంత మాయలేదు."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "వెనక సగంలో ఉండేది నేను," అంది.

నవంబర్ 14, బుధవారం

కొత్త కవరు. వస్తువు తీసుకెళ్లి అమ్మే ఖర్చు 110. వెనక గది బాకీ కింద మళ్లీ 110. మొత్తం వాళ్ల ఖర్చులే 840 అయ్యాయి.

కింద వస్తువులకి విలువ కట్టే వాళ్ల మనిషి రిపోర్టు. "జంతువు, అసంపూర్ణం. అంచనా ధర నాలుగు పౌండ్లు."

నాలుగు పౌండ్లట! అక్క రెండు చలికాలాల కష్టం! అవమానంతో ఒళ్లు మండిపోయింది. నాలుగు పౌండ్ల వస్తువుని అమ్మడానికి రెండొందల ఇరవై ఖర్చు పెట్టే బుద్ధిమంతుల్ని నేను చూడలేదని రెండో ఫిర్యాదు రాశాను. పూర్తి ఆవుకి ఆరొందలైతే సగానికి మూడొందలవుతుందని కూడా రాశాను. తర్వాత ఆ వాక్యం కొట్టేశాను, నాకే ఎదురు తిరిగేలా ఉంది.

నవంబర్ 16, శుక్రవారం

మిసెస్ అఖ్తర్ మొదటినుంచీ వచ్చిన కాగితాలన్నీ చూడాలంది. గొరిల్లా తల సంచిలో పెట్టుకుని గ్రంథాలయానికి మోసుకెళ్లాను. బల్ల మీద బోర్లిస్తే నలభై ఒక్క కవర్లు పడ్డాయి. పక్క బల్ల దగ్గర పేపరు చదువుతున్న పెద్దాయన కుర్చీ దూరం జరుపుకున్నాడు.

ఆవిడ ఒక్కొక్కటీ చింపి చదువుతూ, పదహారో కవరు దగ్గర ఆగింది. అందులో ఒక ఫారం ఉంది. రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, నా వైపు చూసింది.

"వెనక గది ఎప్పుడు తీసుకున్నారు?"

"రెండేళ్లయింది. మేబెల్ కోసమే."

"మీలాంటి చిన్న కొట్లకి పన్ను పూర్తిగా మాఫీ. ఇంతకు ముందు మీకూ ఉండేది. రెండో గది తీసుకున్నారు కాబట్టి ఈ ఫారం మళ్లీ నింపి పంపమన్నారు. అంతే. పేరు రాసి, సంతకం పెడితే సరిపోయేది." ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "ఓగ్డెన్ గారూ, మీరు కట్టాల్సింది అసలేమీ లేదు. ఎప్పుడూ లేదు."

నేను ఆ ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

"అయితే మరి ఆ రెండో 235?" అన్నాను.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గొరిల్లా తలని నా వైపు తిప్పి పెట్టి, ఫోన్ అందుకుంది.

నవంబర్ 17, శనివారం

నేను కాగితాలు చూసుకోలేదని కాదు. ఒక్క ఫారం జారిపోయింది. ఎవరికైనా జారుతుంది.

నవంబర్ 18, ఆదివారం

నలభై ఒకటి.

నవంబర్ 29, గురువారం

కౌన్సిల్ ఉత్తరం రాసింది, మాఫీని వెనక తేదీ నుంచి ఇచ్చారు. కొట్టు పన్ను సున్నా. వెనక గది పన్ను సున్నా. రెండు సున్నాలు విడివిడిగా వేసి, కింద కూడి, మొత్తం సున్నా అని కూడా రాశారు. అంత అందమైన కూడిక నేను చూడలేదు.

మధ్యాహ్నం టపాలో జప్తు కంపెనీ ఉత్తరం. అసలు బాకీ: 0. వసూలు ఖర్చులు: 840. చెల్లించవలసిన మొత్తం: 840.

ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది.

"బాకీ లేదు కదమ్మా, దేన్ని వసూలు చెయ్యడానికి ఈ ఖర్చు?"

"బాకీ వసూలు చెయ్యడానికండీ."

"ఆ బాకీయే లేదు కదా."

"ఇప్పుడు లేదండీ. మేము వచ్చినప్పుడు ఉందని అందరం అనుకున్నాం కదండీ. మీరు కూడా."

నేనూ అనుకున్నాను.

డిసెంబర్ 3, సోమవారం

అక్క డ్రైక్లీనింగ్ షాపుకి తనే వెళ్తానంది. ఆ షాపులో బాయిలర్ పేలిందని చెప్పాను. రాత్రి ప్రార్థనలో ఆవిడ ఆ బాయిలర్ గురించి, గాయపడినవాళ్ల గురించి ప్రార్థించింది. నాకు చాలా సిగ్గేసింది.

డిసెంబర్ 7, శుక్రవారం

మిసెస్ అఖ్తర్ పట్టుబట్టి తెప్పించిన డిస్క్ వచ్చింది. స్టటార్డ్ ఛాతీ కెమెరా తీసిన వీడియో. గ్రంథాలయంలో ఇద్దరం కూర్చుని చూశాం. నన్ను నేను అలా ఎప్పుడూ చూసుకోలేదు. తలుపు తీసి, ముఖమంతా నవ్వుతో, జప్తు మనిషిని లోపలికి పిలుస్తున్న ముసలాడు. ఎవడ్రా ఈ వెర్రివాడు అనుకున్నాను.

"అక్కడ ఆపండి," అంది మిసెస్ అఖ్తర్.

పెరడు దాటుతున్న చోటు. స్టటార్డ్ చేతిలో మా నీలం చారల కప్పు. అందులోంచి ఆవిరి లేస్తోంది. కొట్లో పోసిన టీ, వెనక గది గుమ్మంలో ఇంకా పొగలు కక్కుతోంది.

"రెండుసార్లు వచ్చామంటున్నారు కదా," అంది ఆవిడ. "మధ్యలో టీ కూడా చల్లారలేదు."

ఉత్తరం ఆవిడే చెప్పింది, నేను రాశాను. ఈసారి అర పేజీయే వచ్చింది. తెర మీది గడియారం అంకెలు, కప్పు, ఆవిరి. ఇంకేం లేదు.

డిసెంబర్ 11, మంగళవారం

గెలిచాను!

రెండో రాక ఖర్చు 235 కొట్టేశారు. నాలుగు పౌండ్ల వస్తువుకి అమ్మకం ఖర్చు వెయ్యడం సమంజసం కాదని రెండు 110లూ కొట్టేశారు. మొత్తం 455 పోయింది. మిగిలింది 385. వెనక సగం తిరిగిచ్చేస్తారు.

సున్నా బాకీకి 385 కట్టాలి, ఈ నెలాఖరులోపు. ఇంతకంటే తగ్గదని మిసెస్ అఖ్తర్ అంది. "మీరు ఆ ఫారం నింపి ఉంటే ఇదీ ఉండేది కాదు," అంది కానీ మెల్లగానే అంది.

కొట్టు చెక్కు మీద రెండు సంతకాలుండాలి. నాదీ, అక్కదీ.

డిసెంబర్ 12, బుధవారం

స్టటార్డ్ వెనక సగాన్ని తెచ్చిచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను రమ్మనలేదు. నాకు ప్రాణం మీదికొచ్చింది రమ్మనకుండా ఉండడానికి. బయట మంచు కురుస్తోంది.

అక్కకి ఇవాళ చెప్పాలి.

డిసెంబర్ 13, గురువారం

రిహార్సల్ హడావిడి. ఇవాళ కుదరలేదు.

డిసెంబర్ 14, శుక్రవారం

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పిల్లలు, వాళ్ల చేతుల్లో చాక్లెట్లు. రెండో అంకంలో మేబెల్ ఒంటరిగా వేదిక ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి, మధ్యలో ఒక నాట్యం. మూడడుగులు వేశామో లేదో అక్క గొంతు నా నడుం దగ్గర వినబడింది.

"ఒరేయ్ క్లిఫ్, మెడ దగ్గర ఏదో చీటీ గుచ్చుకుంటోందిరా."

"డ్రైక్లీనింగ్ చీటీ అక్కా."

"డ్రైక్లీనింగ్ వాళ్లు తీగతో కట్టి ముద్ర వేస్తారా?"

అది జప్తు గోదాం చీటీ. నేను చూసుకోలేదు. లోపల చీకటి, ఆవిడ చదవలేదు. బాయిలర్ పేలాక కొత్త పద్ధతి పెట్టారని చెబితే సరిపోయేది. చెప్పడానికే నోరు తెరిచాను. ఆవిడ ముఖం కనబడకపోవడం వల్లో ఏమో, నిజం బయటికొచ్చింది.

"జప్తు వాళ్ల చీటీ అక్కా. కొట్టు పన్ను కట్టలేదని పట్టుకుపోయారు."

వెనక కాళ్లు ఆగిపోయాయి. నేను ఇంకో అడుగు వేశాను. మేబెల్ నడుం దగ్గర సాగింది, హుక్కులు కిర్రుమన్నాయి. పిల్లలు ఘొల్లుమన్నారు.

"ఎవరు పట్టుకుపోయారు?"

"ఆ రోజు వచ్చినతను. నువ్వు కొలతలు తీసుకున్నావే."

"రాజా?"

"అవునక్కా."

వెనక సగం కింద కూర్చుండిపోయింది. నేను ముందు కాళ్ల మీద నిలబడే ఉన్నాను. పిల్లలు లేచి నిలబడి అరవడం మొదలుపెట్టారు. "వెనక! వెనక చూడు! వెనక!" నాటకంలో అది వాళ్ల హక్కు, ఏటా అరుస్తారు. కానీ ఆ తల లోపల్నుంచి వెనక్కి చూడడం కుదరదు. మూడొందల మంది వెనక వెనక అని అరుస్తుంటే నేను ముందుకి చూస్తూ, అక్టోబర్ నుంచీ జరిగిందంతా గబగబా చెప్పాను. టీ, బిస్కెట్లు, సున్నా, అన్నీ.

"ఎంత కట్టాలి?"

"మూడొందల ఎనభై అయిదు."

"దేనికి?"

"దేనికీ కాదు."

"కవర్లేం చేశావ్?"

"గొరిల్లాలో పెట్టాను."

పియానో ఆవిడ నాట్యం పాట రెండోసారి మొదలుపెట్టింది. డోరీన్ తెర పక్కనుంచి చేతులూపుతోంది. తర్వాత నా బెల్టు మీద బరువు పడింది. అక్క దాన్ని పట్టుకుని తనే లేచింది.

"నడువు," అంది. "జనం చూస్తున్నారు."

నడిచాం. నాట్యం కూడా చేశాం. ఇరవై రెండేళ్లలో అంత చప్పట్లు ఎప్పుడూ రాలేదని డోరీన్ అంది.

వేషం విప్పే గదిలో అక్క కుర్చీలో కూర్చుని మోకాలు నిమురుకుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. చీటీని దీపం దగ్గర పట్టుకుని చదివింది. జంతువు, అసంపూర్ణం, నాలుగు పౌండ్లు.

"ఆ లోపల ఏమీ కనబడదురా," అంది. "చీకటి, నీ బెల్టు, అంతే. ఇన్నేళ్లలో ఎటు తీసుకెళ్తున్నావని ఒక్కసారీ అడగలేదు నేను."

నేను ఏడ్చాను. అరవై మూడేళ్ల మనిషిని, రెండు ముందు కాళ్లతో కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. చెక్కు పుస్తకం అడిగి, సంతకం పెట్టి, దాన్ని తన సంచిలో వేసుకుంది.

"రేపు ముందు నేనుంటా," అంది.

డిసెంబర్ 15, శనివారం

పొద్దుట టపాని అక్క వెన్నకత్తితో కోసి, టోస్టు తింటూ చదివేసింది. ఆరు నిమిషాలు పట్టింది.

పదకొండింటికి స్టటార్డ్ వచ్చాడు, డబ్బుకి. అక్క తలుపు సగం తీసి చెక్కు అందించింది, రసీదు చదివి తీసుకుంది. చలికి అతని చెవులు ఎర్రబడ్డాయి. టీ కూడా ఇచ్చింది. గుమ్మం బయటే. అతను మెట్టు మీద నిలబడి తాగి, కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, సాయంత్రం ఆటకి మా పాపని తీసుకొస్తానండీ అని చెప్పి వెళ్లాడు.

ఆటలో నేను వెనక సగం. నడుం వంచి, అక్క బెల్టు పట్టుకుని, ఆవిడ బూట్ల మడమలు తప్ప ఏమీ కనబడని చోట నడిచాను. వేడి, ఊపిరాడదు, వీపు విరిగిపోతుంది. పిల్లలు దేనికి నవ్వుతున్నారో తెలియదు. వేదిక అంచు ఎంత దూరంలో ఉందో తెలియదు. భయమేసింది. నాట్యం మలుపు దగ్గర కాలు తడబడి బెల్టు చేజారిపోయింది.

అక్క ఆగింది. పాట నడుస్తుండగానే, చెయ్యి వెనక్కి చాచి, తడిమి, నా చెయ్యి దొరికాక మళ్లీ బెల్టు మీద పెట్టి, అప్పుడు అడుగు వేసింది.

ఇరవై రెండేళ్లు ముందు నడిచాను. నేనా పని ఒక్కసారీ చెయ్యలేదు.